రైలు వెనక నీళ్ళు

"సాక్సులు అడుగున పెట్టకు వేదా, పైన పెట్టు," అంది రైనా.

అప్పటికే సగం సర్దిన పెట్టెని ఆవిడ మళ్ళీ విప్పించింది. ఊలు కోటు, మందపాటి లాగులు, చెవులు కప్పే టోపీ అన్నీ మంచం మీదికి వచ్చాయి. ఇక్కడ న్యూజిలాండ్‌లో, హామిల్టన్‌లో మార్చి మొదటి వారమంటే ఇంకా ఎండలే. కిటికీ అవతల పక్కింటివాళ్ళ పిల్లలు గడ్డిలో పైపుతో నీళ్ళు చిమ్ముకుంటున్నారు. నేను మాత్రం ఆ గదిలో మంచుకి పనికొచ్చే బట్టలు మడత పెడుతున్నాను.

"ఏం, పైన పెడితే ఏమవుతుంది?" అన్నాను.

"మా అమ్మ అడుగున పెట్టింది. నాన్నని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు చిన్న విచారణే, గంటలో పంపించేస్తాం అన్నారు. అయినా అమ్మ పెట్టె సర్దింది. పైన పుస్తకాలు పెట్టింది, అడుగున సాక్సులు పెట్టింది. ఆ తరవాత నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అదే అనుకునేది. ఆ చలిలో ఆ మనిషి పెట్టంతా విప్పితే గాని సాక్సులు దొరకవు కదా, అని."

నేను సాక్సులు తీసి అన్నిటికంటే పైన పెట్టాను.

రైనా మా పక్కింటావిడ. డెబ్భై ఆరేళ్ళు. పుట్టింది బల్గేరియాలో, దక్షిణపు సరిహద్దుకి దగ్గరగా ఒక చిన్న ఊళ్ళో. పిల్లగా ఉండగానే దేశం దాటి, గ్రీసులో ఒక శిబిరంలో ఉండి, ఓడెక్కి వెల్లింగ్టన్‌లో దిగింది. ఇక్కడే పెళ్ళి చేసుకుంది, ఇక్కడే భర్తని పోగొట్టుకుంది. కొడుకు పీటర్ టౌరంగా పోర్టులో పని చేస్తాడు. రైనా తండ్రి స్టోయాన్ యుద్ధకాలంలో వాళ్ళ పార్లమెంటులో సభ్యుడు. ఇన్నేళ్ళ తరవాత ఆ ఊరి రైల్వే స్టేషన్ గోడకి ఆయన పేరుతో ఒక పలక పెడుతున్నారు. మీరు వచ్చి నాలుగు మాటలు చెప్పాలని ఊరి మేయరు ఫోన్ చేశాడు. ఆ ప్రయాణానికే ఈ పెట్టె.

నాకు ప్రయాణాలంటే భయం. మా ఆయన సుబ్బరామయ్య రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. బాపట్ల లైనులో ఒక చిన్న స్టేషన్ పక్క క్వార్టర్లో కాపురం. నేను బడికి పోలేదు. స్టేషన్ బోర్డు మీద అక్షరాలు చూసి, రైలు పెట్టెల్లో జనం వదిలేసిన పేపర్లు చూసి చదవడం నేర్చుకున్నాను. ఒక పొద్దున ఆయన క్యారేజీ పట్టుకుని డ్యూటీకి వెళ్ళారు. శవాన్ని ట్రాలీ మీద తీసుకొచ్చారు. అప్పటి నుంచీ ఎవరు బయల్దేరుతున్నా నాకు ఆ ట్రాలీయే కనిపిస్తుంది. పైగా మొగుడు పోయినదాన్ని. బయల్దేరేవాళ్ళకి ఎదురు పడకూడదు. మా అమ్మాయి నిరుపమ అత్తారింటికి వెళ్ళినప్పుడు కూడా నేను వంటింట్లో తలుపు వెనకే ఉన్నాను. కారు చప్పుడు మాత్రం విన్నాను. "ఇది హామిల్టన్ అమ్మా, ఇక్కడ శకునాలేంటి," అని నిరుపమ ఇప్పుడు నవ్వుతుంది. అయినా అల్లుడు ఆఫీసుకి బయల్దేరేటప్పుడు నాకు వంటింట్లోనే ఏదో ఒక పని ఉంటుంది.

రైనాతో స్నేహం ఇంగ్లీషు వల్ల కుదిరింది. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకి ఇళ్ళకి వెళ్ళి ఉచితంగా ఇంగ్లీషు చెప్పేది ఆవిడ. బుధవారం బుధవారం వచ్చేది. లైబ్రరీ నుంచి తెచ్చిన పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి, పేపర్ చదివేదాకా తీసుకొచ్చింది. నా దగ్గర ఆవిడ రెండు తెలుగు మాటలు నేర్చుకుంది: పెట్టు, చాలు. మా పెసరట్టు మీద ఆ రెండో మాట ఎప్పుడూ వాడలేదు.

మా ఇద్దరికీ గొడవ వచ్చింది ఒకే ఒకసారి. అల్లుడు దామోదర్ ఆక్లండ్‌లో ఇంటర్వ్యూకి బయల్దేరుతున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. కారు గేటు దాటగానే వీధి గుమ్మంలో నీళ్ళ చప్పుడయింది. వచ్చి చూద్దును కదా, రైనా జగ్గుతో నీళ్ళు గుమ్మం ముందు గుమ్మరిస్తోంది.

పరుగెత్తి జగ్గు లాక్కున్నాను. ఇంగ్లీషు ఒక్క ముక్క నోటికి రాలేదు. తెలుగులోనే అరిచాను. రైనా బిత్తరపోయి చూసింది.

నిరుపమ వచ్చి నన్ను పట్టుకుంది. "అమ్మా, ఊరుకో. ఆవిడ ఏదో వాళ్ళ కస్టమ్ ప్రకారం చేశారే."

"మనిషి అలా గడప దాటాడో లేదో ఇలా వాకిలి కడుగుతారుటే? శవాన్ని తీసుకెళ్ళాక కడుగుతారు."

నిరుపమ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. రైనా ముఖం తెల్లబోయింది. కుర్చీలో కూచుని మెల్లగా చెప్పింది. వాళ్ళ దేశంలో ఎవరైనా ముఖ్యమైన పని మీద బయల్దేరితే వెనక నీళ్ళు పోస్తారట. దారి నీళ్ళలా జారిపోవాలని, ఎక్కడా తట్టుకోకూడదని.

దామోదర్‌కి ఆ ఉద్యోగం వచ్చింది, కాకపోతే ఆరు నెలల కాంట్రాక్టు. అతను ఇంటికొచ్చి చెప్పిన మొదటి మాట: "అత్తయ్యగారూ, మీరు సగం జగ్గు లాక్కున్నారు. అందుకే సగం జాబ్ వచ్చింది. మొత్తం పొయ్యనిస్తే పర్మనెంట్ అయ్యేది."

రైనా అది విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "మా అమ్మ నా వెనక బకెట్ నిండా పోసింది దామోదర్. అందుకే ఎక్కడా ఆగకుండా న్యూజిలాండ్ దాకా జారిపోయాను."

"అమ్మని మళ్ళీ చూశావా?" అని అడిగాను.

"లేదు," అంది.

వాళ్ళ నాన్న కథ ఆ తరవాత కొంచెం కొంచెంగా చెప్పింది. ఒకేసారి చెప్పలేదు. నేను ఇక్కడ ఒక వరసలో రాస్తున్నాను.

స్టోయాన్ వకీలు. ప్రభుత్వం వైపు సభ్యుడు. బల్గేరియా అప్పుడు జర్మనీ పక్షాన ఉంది. యూదుల ఉద్యోగాల మీదా ఆస్తుల మీదా పెళ్ళిళ్ళ మీదా ఆంక్షలు పెట్టే చట్టం సభకి వచ్చినప్పుడు ఆయన కూడా చెయ్యెత్తాడు. ఇంటికొచ్చి భోజనం చేశాడు. చట్టం అంటే కాగితమే కదా, మనం దాన్ని మెత్తగా అమలు చేస్తాం అని భార్యతో అన్నాడట. వాళ్ళ వీధిలోనే ఒక యూదు మందుల కొట్టాయన ఉండేవాడు. ఆయన కొట్టు మూతపడింది. స్టోయాన్ ఆయన కనపడితే టోపీ తీసి పలకరించేవాడు. ఆయన కూడా తీసేవాడు. అలా రెండేళ్ళు గడిచింది.

1943 మార్చిలో ఆ స్టేషన్లో ఒక రైలు ఆగింది. దక్షిణాన, బల్గేరియా సైన్యం పట్టుకున్న ప్రాంతం నుంచి యూదుల్ని ఎక్కించుకుని వస్తున్న రైలు. సాయంత్రం. రైనాకి పదమూడేళ్ళు. తండ్రి చెయ్యి పట్టుకుని బజారు నుంచి వస్తోంది.

"గూడ్సు పెట్టెల్లోనా?" అని అడిగాను.

"అవును."

అవి నాకు తెలుసు. మా క్వార్టర్ ముందు గూడ్సులు ఆగేవి. ఎండాకాలం పశువుల్ని ఎక్కించుకుపోతుంటే మా ఆయన బకెట్లతో పెట్టెల మీద నీళ్ళు కొట్టేవారు. ఆ పెట్టెలకి కిటికీ ఉండదు. పైన చిన్న సందు ఉంటుంది, అంతే.

ఆ సాయంత్రం ఆ రైలు సందుల్లోంచి చేతులు బయటికి వచ్చాయి. నీళ్ళు, నీళ్ళు అని రెండు మూడు భాషల్లో అడిగారు. స్టోయాన్ కూతుర్ని బెంచీ మీద కూచోబెట్టి స్టేషన్ మాస్టర్ దగ్గరికి వెళ్ళాడు. నేను పార్లమెంటు సభ్యుణ్ణి, తలుపులు తియ్యండి అన్నాడు. ఆర్డరు లేదన్నారు. ఆయన పంపు దగ్గర బకెట్ నింపి తనే మోసుకుని వెళ్ళాడు. కోటు, బూట్లు, టోపీ అన్నీ ఉన్న పెద్దమనిషి బకెట్ మొయ్యడం రైనా అంతకు ముందు చూడలేదు. పెట్టెదాకా వెళ్ళేసరికి కాపలావాడు తుపాకీ మడమతో బకెట్‌ని తోశాడు. అదే సమయంలో రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద నీళ్ళు రైలు వెనకే పారాయి.

"రైలు వెనక నీళ్ళు పోశాం మేము," అంది రైనా. "మా అమ్మ ఆ తరవాత ఎవరి వెనకా నీళ్ళు పొయ్యలేదు. నాన్నని తీసుకెళ్ళినప్పుడు కూడా పొయ్యలేదు. నేను వెళ్ళేటప్పుడే పోసింది."

ఆ రాత్రే స్టోయాన్ రాజధాని సోఫియాకి బయల్దేరాడు. ఆ ఊరి యూదులకి కూడా పిలుపు సిద్ధంగా ఉందని అప్పటికే గుసగుసలు. ఆయన తన పక్షంవాళ్ళనే ఒక్కొక్కరినీ కలిసి, ఈ పని ఆపాలని అర్జీ మీద సంతకాలు పెట్టించాడు. సొంత ప్రభుత్వం మీద సొంత మనుషుల అర్జీ. పెద్దలు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచారు. చాలామంది పేర్లు వెనక్కి తీసుకున్నారు. స్టోయాన్‌నీ పిలిచారు. పెన్ను చేతికిచ్చి పేరు మీద గీత గియ్యమన్నారు. అంతే, చిన్న పని. ఆయన ఇంటికొచ్చి భార్యతో అన్నాడట: "నా చెయ్యి ఒకసారి తేలిగ్గా లేచింది. ఈసారి ఎంత చెప్పినా లేవలేదు."

ఆయన పదవులన్నీ పోయాయి. ఆ ఊరి యూదుల్ని మాత్రం రైలెక్కించలేదు. మందుల కొట్టాయన బతికాడు. ఆ దక్షిణపు రైలు వెళ్ళిపోయింది.

ఏడాదిన్నర తరవాత ప్రభుత్వం మారింది. రష్యావాళ్ళు వచ్చారు. జర్మనీతో చేతులు కలిపిన సభ అని ఆ సభలోవాళ్ళందర్నీ పట్టుకుని విచారణ జరిపారు. మందుల కొట్టాయన సాక్ష్యం చెప్పడానికి సోఫియా వెళ్ళాడు. రైనా వాళ్ళమ్మ హాల్లో వెనక వరసలో కూచుంది. సాక్షి నోరు తెరవబోతుంటే స్టోయాన్ లేచి, "జరిగినదంతా చెప్పండి. చట్టం సంగతి వదిలెయ్యకండి, దానికి నేను చెయ్యెత్తాను," అన్నాడట. ఆ మాట వినడానికేనా నేను ఇంత దూరం వచ్చింది అని వాళ్ళమ్మ ఏడ్చిందట. ఆయనకి మరణశిక్ష వేశారు.

పెట్టె సర్దుతున్న రోజు సాయంత్రం పీటర్ టౌరంగా నుంచి వచ్చాడు. మర్నాడు తల్లిని ఆక్లండ్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాలి. భారీ మనిషి, యాభై దాటాయి, గుమ్మంలోనే బూట్లు విప్పి లోపలికొచ్చాడు. నేను లేవబోతే "కూచోండి మిసెస్ వేదా, మీరుంటేనే మా అమ్మ నా మాట కొంచెమైనా వింటుంది," అన్నాడు.

"అక్కడ ఏం మాట్లాడతావో తేల్చుకున్నావా అమ్మా?" అని అడిగాడు.

"తేల్చుకున్నాను. చట్టం సంగతి చెప్తాను. రైలు సంగతి కూడా."

పీటర్ ముఖం రుద్దుకున్నాడు. "వాళ్ళు పలక పెడుతున్నారు. పూలు తెస్తారు. బడిపిల్లలు పాట పాడతారు. నువ్వు థాంక్యూ చెప్పి కూచుంటే చాలు. అరవై ఏళ్ళు ఆ మనిషిని దేశద్రోహి అన్నారు. ఇప్పుడు మంచివాడు అంటున్నారు. అననీ."

"మంచివాడే."

"మరి ఎందుకు పాడు చేస్తావు? ఆ కాలంలో అందరూ చెయ్యెత్తారు. ఆయన ఆ తరవాత ప్రాణం పెట్టాడు."

"ఆయన్ని చంపినవాళ్ళు వేరు, చంపిన కారణం వేరు. యూదుల కోసం ప్రాణం పెట్టలేదు. ప్రాణం పోయేచోట కూడా అబద్ధం చెప్పలేదు, అంతే. నేను ఆయన పలక కింద నిలబడి సగం చెప్పనా?"

"డాక్టరు అసలు ప్రయాణమే వద్దన్నాడు," అన్నాడు పీటర్ నా వైపు తిరిగి. "గుండె బాగాలేదు. ఆ చలిలో, ఆ జనంలో, ఎవరైనా లేచి గట్టిగా ఒక మాట అంటే తట్టుకుంటుందా? మీరైనా చెప్పండి."

రైనా కూడా నా వైపే చూసింది. "చెప్పు వేదా. నువ్వయితే ఏం చేస్తావు?"

"నేనయితే వెళ్ళనే వెళ్ళను," అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాకు కావలసిందల్లా ఆవిడ ఆ కుర్చీలోనే ఉండటం, బుధవారం మా ఇంటికి రావడం. కానీ ఆ మాట అంటే పీటర్‌కి సాయమవుతుందే గాని నిజమవదు. అందుకని ఇలా అన్నాను: "వెళ్ళాక మాత్రం మొత్తం చెప్పే రావాలి. ఏదైనా మిగిలిపోతే దానికోసం మళ్ళీ వెళ్ళాలి. ఈ వయసులో రెండుసార్లు ఎవరెళ్తారు?"

"చూశావా పీటర్? టికెట్ ఖర్చు కలిసొస్తుంది," అంది రైనా.

పీటర్ తల అడ్డంగా ఊపుతూ వంటింట్లోకి టీ పెట్టడానికి వెళ్ళాడు. అప్పుడు రైనా నా చెయ్యి పట్టుకుంది.

"రేపు నా వెనక నీళ్ళు పొయ్యాలి నువ్వు."

"నిరుపమ పోస్తుంది."

"నిరుపమకి ఆఫీసుంది. పీటర్ కారు నడుపుతాడు. ఇక్కడ నాకు ఇంకెవరున్నారు? నీకు కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను."

"నేను మొగుడు పోయినదాన్ని రైనా. మాలో ఎదురు రాకూడదు."

"నేనూ మొగుడు పోయినదాన్నే. నన్ను నేను ఇంట్లో వదిలేసి వెళ్ళనా?"

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన్ని తీసుకెళ్ళాక మా క్వార్టర్ వాకిలి బిందెలతో కడిగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ నీళ్ళు మెట్ల మీంచి పట్టాలవైపు పారాయి. ఆ చప్పుడు నేను నా చేతులతో చెయ్యాలి.

పొద్దున నిరుపమ ఆఫీసుకి వెళ్తూ, "నీకు అంత భయమైతే వద్దులే అమ్మా, ఆవిడ ఏమీ అనుకోరు. నేను లీవ్ పెట్టనా?" అంది.

"అక్కర్లేదు. నువ్వెళ్ళు," అన్నాను.

స్టీలు చెంబు తోమి నీళ్ళు నింపాను. పట్టుకుని రైనా వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళాను. అప్పుడు తట్టింది. ఎదురు రాకూడదన్నారు మావాళ్ళు. వెనక నిలబడకూడదని ఎవరూ అనలేదు. ఇన్నేళ్ళూ తలుపు చాటున దాక్కున్నాను గాని, వెనక నిలబడే చోటు నాకు ఎప్పుడూ ఉంది.

పీటర్ పెట్టె డిక్కీలో పెట్టాడు. రైనా ఊలు కోటు చేతి మీద వేసుకుని కారెక్కింది. నేను కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ అద్దం దించి వెనక్కి చూడకుండానే అరిచింది: "మొత్తం పొయ్యి వేదా. నాకు పర్మనెంట్ కావాలి."

కారు కదిలింది. చెంబెడు నీళ్ళూ పోశాను. నీళ్ళు వాలుగా ఉన్న దారిమీద కారు వెనకే కొంచెం దూరం వెళ్ళి, ఎండకి ఆరిపోయాయి. కారు మలుపు తిరిగేదాకా చూశాను. వెళ్ళేవాళ్ళని అలా చివరిదాకా చూడటం ఆయన పోయాక అదే మొదటిసారి.

రైనా ఆ ఊరి నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ పొద్దున, నేను పప్పు కడుగుతున్నాను.

"చెప్పాను వేదా," అంది. గొంతు అలిసిపోయి ఉంది.

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"మేయరు పూలగుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఎప్పుడివ్వాలో తెలీక. ఒక ముసలాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ లోపలికి రాలేదు. పిల్లలు పాట మాత్రం పాడారు, పాపం. నేర్చుకున్నారు కదా."

"పలక మీద ఏం రాశారు?"

"నాన్న ఊరిని కాపాడాడని. రైలు గురించి ఏమీ లేదు. కింద ఇంకొక వరస వెయ్యమని అడిగాను. ఆలోచిస్తాం అన్నారు. ఆ పంపు ఇంకా ఉంది వేదా. తిప్పితే నీళ్ళొచ్చాయి."

"చలిగా ఉందా? సాక్సులు వేసుకున్నావా?"

"పైనే ఉన్నాయి. పెట్టె తియ్యగానే దొరికాయి," అంది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పీటర్ మా గుమ్మంలో నిలబడ్డాడు. బూట్లు విప్పలేదు. ఆ మనిషిని చూడగానే తెలిసింది. నిద్రలోనే పోయిందట, ఆ ఊరి హోటల్లో. ఊపిరాడలేదని గాని, పిలిచిందని గాని ఎవరూ చెప్పలేదట. రైనాని వాళ్ళమ్మ పక్కన పాతిపెట్టడానికి తను వెళ్తున్నానన్నాడు.

"నేను ఇంకా గట్టిగా ఆపి ఉండాల్సింది," అన్నాడు.

"ఆగేది కాదు," అన్నాను. నీళ్ళ సంగతి నా మనసులో ఉంది. అతనికి చెప్పలేదు. నేను పోశాను గనకే అయిందని ఒక క్షణం, పొయ్యకపోయినా అయ్యేదని ఇంకో క్షణం.

మెట్లు దిగి కారు దగ్గరికి వెళ్ళినవాడు ఆగి, నా వైపు తిరిగాడు. "మిసెస్ వేదా, నా వెనక కూడా పోస్తారా? అమ్మ ఉంటే పోసేది."

లోపలికెళ్ళి చెంబు తెచ్చాను. కారు వెనక నిలబడ్డాను. పోశాను.

పీటర్ నెలాఖరుకి తిరిగి వచ్చాడు. పలక కింద రెండో వరస ఇంకా వెయ్యలేదన్నాడు.

ఆ గూడ్సు పెట్టెల్లో వెళ్ళినవాళ్ళు 1943 మార్చిలో వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. స్టోయాన్ 1944లో ఇంటి నుంచి వెళ్ళాడు. 1945 ఫిబ్రవరిలో కాల్చేశారు, తిరిగి రాలేదు. రైనా 2006 మార్చిలో వెళ్ళింది. తిరిగి రాలేదు.